సిద్ధమ్మ చెంపకు డిజిటల్ వైద్యం

2002 ఆగస్టు పన్నెండు, సోమవారం ఉదయం, పూతలపట్టు కూడలిలో 'డిజిటల్ చర్మరక్ష' కేంద్రం ప్రారంభమైంది. హాజరైనవారు: మంత్రివర్యులు ఏకాంబరం గారు, పథకాధికారి డాక్టర్ రామానుజ గారు, పార్టీ మహిళా నాయకురాలు చంద్రకాంతమ్మ గారు, పాకాల నుంచి రప్పించిన స్టూడియో ఫొటోగ్రాఫర్ ధర్మేంద్ర, ఒక కంప్యూటరు, ఒక రోగి. చిత్తూరు బస్సు తప్పిపోయినందువల్ల, నేను.

"చర్మ క్యాన్సర్ కోసం ప్రజలు ఇక తిరుపతి దాకా పోనక్కరలేదు. మేమే ఇంటి ముంగిటికి తెస్తున్నాం" అని మంత్రిగారు ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు.

పద్ధతి సరళమైనది. మచ్చను ఫొటో తీసి తిరుపతిలోని నిపుణురాలికి ఈమెయిల్‌లో పంపుతారు. ఆమె అనుమానపడితే రోగికి ఉచిత ఆపరేషన్ చీటీ ఇస్తారు. అనుమానపడకపోతే ఇంటికి పంపుతారు.

రోగి సిద్ధమ్మ బంగారుపాళ్యం మామిడితోటల్లో కూలి. ఆమె చెంప మీది నల్లటి పుండు నెలల తరబడి మానక, కంటివైపు పాకుతోంది. ఆలస్యమైతే కన్ను దక్కదని ఎవరో డాక్టరు చెప్పాడట. ఆ చీటీ కోసమే ఆమె వచ్చింది.

ధర్మేంద్ర ఆమెను నీలిగుడ్డ ముందు కూర్చోబెట్టాడు. "రవ్వంత నవ్వు పెద్దమ్మా."

"నవ్వితే నొప్పి నాయనా."

అతడు కంప్యూటరు ముందు చాలాసేపు శ్రమించి ఫొటో పంపాడు. రెండు గంటల్లో జవాబు వచ్చింది. రామానుజ గారు దాన్ని మైకులో చదివారు: "చర్మం నిర్మలం. వ్యాధి లక్షణాలేవీ లేవు."

"అంటే, నయమైపోయిందా?" అని మంత్రిగారు అడిగారు.

"రెండే గంటల్లో సార్."

సిద్ధమ్మ చెంప తడుముకుంది. "ఈడనే ఉండాది గదా సామీ."

రామానుజ గారు తెర వైపు చూశారు. అందులో సిద్ధమ్మ పెళ్ళిచూపులకు కూర్చున్నట్టుంది. చెంప నున్నగా మెరుస్తోంది.

"ఏమప్పా, పుండు యాడికి పోయింది?" అని ఆయన ధర్మేంద్రను మెల్లగా అడిగారు.

"టచప్ చేసినా సార్. మచ్చతో ఫొటో ఇస్తే పాకాల్లో ఎవురూ తీసుకోరు. కంటికింద నలుపు గూడా తీసేసినా."

"ఒరిజినల్ పంపు."

"యాడుండాది సార్? మంత్రిగారు రిబ్బన్ కత్తిరించేది అన్ని యాంగిల్స్‌లో తీయమంటిరి. కెమెరా కార్డులో జాగా సాలక తుడిసేసినా."

"మళ్ళా తీయండి సామీ, కదలకుండా కూసుంటా" అంది సిద్ధమ్మ.

మంత్రిగారు అప్పటికే రాజధానికి ఫోన్ చేసి, రాష్ట్రంలో తొలి డిజిటల్ స్వస్థత గురించి చెబుతున్నారు.

"నయమైన కేసును తిరిగి పంపే ఏర్పాటు సాఫ్ట్‌వేర్‌లో లేదమ్మా" అన్నారు రామానుజ గారు విచారంగా.

"మరి ఈ పుండు?"

"అది పథకానికి ముందుది."

స్వస్థత పత్రం మీద ఆ ఫొటో అంటించి ఆమె ముందు పెట్టారు. "నయం గాకుండా ఎట్ల పెట్టేది సామీ సంతకం?" అని సిద్ధమ్మ చేయి వెనక్కి తీసుకుంది.

రామానుజ గారు ఫొటోనూ ఆమెనూ మార్చి మార్చి పరిశీలించారు. శాస్త్రీయమైన పరిశీలన అది. "ఫొటోలోని సిద్ధమ్మకు పుండు లేదు, ఈమెకు ఉంది. ఈమె సంతకం ఎలాగూ చెల్లదు సార్."

మంత్రిగారు సభనంతటినీ కలయజూశారు. ఆయన చూపు చంద్రకాంతమ్మ గారి నున్నటి చెంప మీద ఆగింది.

"సిద్ధమ్మ అని నేనెట్ల పెట్టేది సార్?" అన్నారామె.

"గుండ్రంగా పెట్టమ్మా."

సిద్ధమ్మ వెళ్ళి మళ్ళీ నీలిగుడ్డ ముందు కదలకుండా కూర్చుంది. చంద్రకాంతమ్మ గారు గుండ్రంగా సంతకం చేశారు. మంత్రిగారు సిరా ఆరేదాకా ఊది, పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకున్నారు.