కుడి నుంచి చదివే గడియారం

గడియారం మీద రోమన్ అంకెలు వేయాలని తోచిన మహానుభావుడికి వరంగల్ చౌరస్తాలో విగ్రహం పెట్టాలని నా డిమాండ్!

నవ్వకండి. మామూలు అంకెల గడియారం వట్టి చాడీకోరు. ఎవరు లేటుగా వచ్చారో నలుగురిలో చెప్పేస్తుంది. రోమన్ గడియారానికి ఆ పాడుబుద్ధి లేదు.

నమ్మరా? అయితే బోరుబావుల మోటార్లకు కరెంటు కనెక్షన్లు ఇస్తారని చెప్పుకునే ఒక ఆఫీసుకు రండి. అక్కడి సూపరింటెండెంటు కిషన్ రావు గారిది నిజాం నాటి ఉర్దూ చదువు. ఉర్దూ కుడి నుంచి ఎడమకు చదవాలి కదా! ఆ అలవాటు కొద్దీ గోడ గడియారాన్నీ అలాగే చదువుతారు. పదకొండు అంటే XI. కుడి నుంచి చదివితే IX, అంటే తొమ్మిది! ఇక ఆయన లేటెక్కడ?

సాయంత్రం నాలుగు అంటే IV. కుడి నుంచి చదివితే VI, అంటే ఆరు! సర్కారు కోసం ఓ గంట ఎక్కువే పనిచేశానని నిట్టూర్చి గొడుగు అందుకుంటారు.

పన్నెండు మాత్రం ఎడమ నుంచే చదువుతారు. భోజనంతో ప్రయోగాలేమిటండీ!

ఇంత సౌకర్యం మల్లక్కకే అర్థం కాలేదు. ములుగు అవతలి పల్లె ఆమెది. బోరు వేయించింది, మోటారు దించింది. కాగితం మీద కిషన్ రావు గారి సంతకం లేక కరెంటు రాలేదు, మిరప తోట ఎండిపోతోంది. పొద్దున అడిగితే "సారు ఇంక రాలే" అన్నారు. మధ్యాహ్నం అడిగితే "సారు తింటాండు" అన్నారు. ఇక ఉండబట్టలేక, ఆయన గొడుగు అందుకునే వేళకు గదిలోకే వెళ్లింది.

"ఆరు గొట్టిందమ్మా. రేపు రా."

"బయట ఎండ గొడ్తాంది గద సారూ!"

"ఎండ సంగతి నాకెర్క లేదు. గడియారం జూడు. కుడి దిక్కు నుంచి సదువు."

మల్లక్క గడియారం వంక చూసింది.

"నాకు సదువు రాదు సారూ. జర గిదొక్కటి జెప్పుండ్రి. నా మిరప తోటను ఏ దిక్కు నుంచి సూస్తె పచ్చగ కనవడ్తది?"

పాపం, ఆయన గడియారాన్ని అటు నుంచీ ఇటు నుంచీ కూడా చూశారు. గొడుగు విప్పుకుని వెళ్లిపోయారు.

ఆ గడియారాన్ని మార్చాలని ఇప్పుడు కొందరు గిట్టనివాళ్లు అంటున్నారు. వద్దు బాబూ! మారిస్తే పెద్దమనిషి ఇంకో సాకు వెతుక్కోవాలి. దానికి కొంత టైము పడుతుంది, సంతకం ఇంకా వెనక్కి పోతుంది.

మల్లక్క తోటకు అంత టైము లేదు.