ఏకహాస విజయము

అది నవంబరు పంతొమ్మిదో తారీకు. కాలపురుషుడు తన మహాగ్రంథంలో ఆ దినాన్ని ఎందుకు లిఖించుకోలేదో తెలియదు గానీ, ఆ ఉదయాన ఉడకబెట్టిన గుడ్డు ఒకటి, నిన్నటి రొట్టె రెండు ముక్కలు, పంచదార మరచిన టీ ఒక కప్పు మాత్రమే ఆరగించి, సాయంత్రం దాకా కళ్ళద్దాల దుకాణంలో పరుల దృష్టిదోషాలను సవరించి, చేతులకంటిన అద్దపుపొడిని కడుక్కొని, సకలసినీకళాభిమానిసంకులమైన ఆ సభాభవనంలోకి అడుగుపెట్టింది వీరకన్య. వెంట మేనమామ. ఆమె తీసిన చిత్రంలో ఆయన రెండో కథానాయకుడు. ఉదరవిస్తారంలో మాత్రం ఎవరికీ రెండో వాడు కాదు.

ద్వారం మీద బ్యానరు వేలాడుతోంది: ‘యువ ముస్లింల చిత్రాలు – మనమెవరం? ఎక్కడివాళ్ళం?’ ఆ రెండు ప్రశ్నలకూ ఆమె దగ్గర ఎప్పటినుంచో జవాబుంది, ఇంటి నంబరుతో సహా. కాని అడిగినవారికి కావలసింది జవాబు కాదు, నిట్టూర్పు.

ఆమె చిత్రం పేరు ‘పరుపు’. వాళ్ళ నాన్న, మామయ్య ఒకనాడు కొత్త పరుపు కొని, కారు నెత్తికెక్కించి, తామిద్దరూ లోపలే కూర్చొని, కిటికీల గుండా తాడును ఒకరికొకరు అందించుకొంటూ బిగించి బిగించి కట్టి, తీరా ఇంటిముందు ఆగాక, పరుపుతోపాటు కారు తలుపులన్నీ కట్టేశామని గ్రహించిన మహోదంతం అది. అక్షరాలా జరిగింది. నాన్న, మామయ్య, అమ్మ తమ వేషాలు తామే వేశారు. అది హాస్యచిత్రమని తెలిసినవారు ఆ భవనంలో మామా మేనకోడళ్ళు ఇద్దరే.

ఎందుకంటే, విషాదాన్ని వాసనపట్టడంలో వేటకుక్కలకు పాఠం చెప్పగల నిర్వాహకుడు గుమ్మంలోనే ఎదురై, గుండె మీద చెయ్యి వేసుకొని, “చూశానమ్మా. ఆ తాడుంది చూశావా, రెండు రోజులు నిద్రపట్టలేదు” అన్నాడు.

“నైలాన్ తాడండీ అది,” అన్నాడు మామయ్య.

“ఔను. తెగదు,” అన్నాడు నిర్వాహకుడు, కళ్ళు మూసుకొని.

ఆయన ఏరి ఏరి తెచ్చి ముందుగా వేసిన చిత్రాలన్నిటిలోనూ ఒక అమ్మాయి కిటికీ దగ్గర నిలబడి వాన చూసింది. అన్నిటిలోనూ వేణువు ఏడ్చింది. ప్రేక్షకులు తృప్తిగా కళ్ళొత్తుకొన్నారు. జాలిపడడమంత సుఖమైన వ్యాయామం మరొకటి లేదు. కుర్చీలోంచి లేవకుండానే అయిపోతుంది.

ముందు వరస నడుమ సభాధ్యక్షురాలు ఆసీనురాలై ఉంది. పండితలోకంలో ఆమె పెదవులు నవ్వుతో విచ్చుకోగా చూసినవారు లేరట. వజ్రకవాటం వంటి ఆ ముఖాన్ని చూసి మామయ్య మేనకోడలి చెవి దగ్గరికి వంగాడు.

“వీళ్ళు నవ్వే రకంలా లేరే అమ్మాయ్. ఆ పెద్దావిడ పుట్టినప్పుడు కూడా ఉపన్యాసమే ఇచ్చుంటుంది.”

“ఒక్క నవ్వు చాలు మామయ్యా. ఒక్కటంటే ఒక్కటి.”

“రాకపోతే?”

“అరువు తెచ్చిన కెమెరా తిరిగిచ్చేసి అద్దాలు అరగదీసుకుంటా. పాపం అనేవాళ్ళు ఎప్పుడూ దూరంగా నిలబడే చూస్తారు. నవ్వినవాళ్ళే కదా ఇంట్లోకొచ్చి మంచం మీద కూర్చునేది.”

ఇట్లు భీషణప్రతిజ్ఞ చేసి ఆమె కుర్చీ అంచున కూర్చొన్నంతనే దీపాలారాయి. హాస్యసంగ్రామం ఆరంభమైంది.

తెరమీద నాన్న తలుపు తీయబోయాడు. రాలేదు. మామయ్య వైపు చూశాడు. మామయ్య కారు కప్పు వైపు చూశాడు. ఇది ప్రథమాస్త్రం. దానిని సభ ‘చ్చొచ్చొ’ అనే సానుభూతిశరపరంపరతో నడుమనే ఖండించింది.

“ముడి వేసిందెవరు?” అన్నాడు తెరమీద నాన్న.

“బిగించమంది మీరేగా బావా!”

“పరుపుని బిగించమన్నాను. మనల్ని కాదు!”

ద్వితీయాస్త్రమూ వ్యర్థమైంది. వెనకవరసలో ఎవరో, “అంతర్గత విభేదాలు,” అని గొణిగారు.

అప్పుడిక మహాస్త్రాన్ని ప్రయోగించక తప్పలేదు. మామయ్య కిటికీలోంచి తల దూర్చి, భుజాలు దూర్చి, కుంభోపమానమైన ఉదరం దగ్గర అటూ ఇటూ కాక స్తంభించగా, లోపల ఉన్న మడమ హారనును తొక్కుతూ పోయింది. వీధివీధంతా మోగింది హారను. సభలో ఒకామె వెక్కింది.

“నా పొట్టని చూసి ఏడుస్తున్నారేమే!” అన్నాడు మామయ్య, చీకట్లో చొక్కా కిందికి లాక్కొంటూ. ఇంటిల్లిపాదినీ, పెళ్ళిళ్ళలో పరాయివాళ్ళను కూడా నవ్వించిన పొట్ట అది. వీరకన్య ఆయన చెయ్యి పట్టుకొంది.

ఇక మిగిలింది అమ్మ ఒక్కతే.

తెరమీద అమ్మ బయటికి వచ్చింది. కారును చూసింది. కిటికీకి వేలాడుతున్న తమ్ముణ్ణి చూసింది. పైన పరుపును చూసింది. తొందరేమీ లేదావిడకు.

“పరుపు తెచ్చారా?”

“తెచ్చాం,” అన్నాడు నాన్న, లోపల్నుంచి.

“సరే. అక్కడే పడుకోండి.”

అని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

అంతట, ఓ సహృదయులారా, నిశ్శబ్దనిబిడమైన ఆ సభాంతరాళంలో, ఉడుకుతున్న గిన్నె మీద మూత ఎగిరినట్లు, ముందు వరస నడుమ, సాక్షాత్తు అధ్యక్షురాలి నాసికారంధ్రాలను భేదించుకొని ‘ఫుర్ర్’మని వెలువడింది ఒక నవ్వు! ఆమె రుమాలు అడ్డం పెట్టుకొంది. నిర్వాహకుడు నీళ్ళ గ్లాసుతో పరుగెత్తాడు.

“దగ్గు,” అందామె. భుజాలు మాత్రం ఆగలేదు.

దుందుభులు మోగలేదు. పుష్పవృష్టి కురవలేదు, ఏసీ నుంచి ఒక నీటిచుక్క రాలి నిర్వాహకుడి బట్టతల మీద పడింది. అయినా గెలుపు గెలుపే. జాలి అనే మహాసైన్యం మీద, ఒక్క ముక్కు తోడుగా, కళ్ళద్దాల పిల్ల గెలిచిందహో!

తరువాత అధ్యక్షురాలు వేదికనెక్కి, “బంధింపబడినది వాహనము కాదు, ఒక తరము! ఆ ద్వారములు మన హృదయద్వారములు! ఆ పరుపు...” అని, అక్కడ ఆగి, గొంతు సవరించుకొని, మళ్ళీ “ఆ పరుపు...” అని, గబగబా దిగిపోయింది. సభ ఆ మౌనానికి చప్పట్లు కొట్టింది.

బయటికి పోయే దారిలో ఆమె వీరకన్య మణికట్టు పట్టుకొంది.

“మీ అమ్మగారు రాలేదా?”

“గోడంత మొహం చూసుకోలేనందండీ.”

“చెప్పు ఆవిడకి. మావారైతే ఇలాగే కారు మీద బీరువా కట్టారు.” అంతే, గుంపులో కలిసిపోయింది.

ఇంటికి చేరేసరికి అమ్మ మేలుకొనే ఉంది.

“నవ్వారా?”

“ఒకావిడ నవ్వింది. ముక్కుతో.”

“ఎక్కడ?”

“నువ్వు పడుకోమన్నప్పుడు.”

“నేనేం నవ్వులాటకనలేదు. ఆ రోజు నిజంగానే ఒళ్ళు మండింది.” మళ్ళీ, “కెమెరా రేపు ఇచ్చేస్తావా మరి?” అంది.

“ఇంకో వారం ఉంచుకుంటానమ్మా.”

“ఉంచుకో. ఇక పడుకో, పొద్దున్నే దుకాణానికి వెళ్ళాలి.”

లైటు ఆపి, పక్కగదిలో నాన్న నిద్ర చెదరకుండా, అమ్మ మెల్లగా తలుపు దగ్గరికి వేసింది.