ప్రారంభోత్సవానికి ముందే వచ్చిన నీళ్ళు

"ప్రోగ్రామర్లకు ఏడాదిపాటు జీతంతో కూడిన సెలవు! ఇంట్లో కూర్చుని ప్రపంచమంతటికీ ఉచితంగా సాఫ్ట్‌వేర్ రాస్తారు. ఖర్చు మన నగరానిది, కీర్తీ మన నగరానిదే!" అని మేయర్ గారు ప్రకటించగానే హాలు చప్పట్లతో మార్మోగిపోయింది. నగర కార్యాలయంలో ప్రెస్ నోట్లు రాసే ఉద్యోగం నాది కాబట్టి, ఆ చప్పట్లు మొదలుపెట్టింది నేనే.

పథకం పేరులో ఉన్న ఓపెన్ సోర్స్ అంటే ఏమిటని ఒక విలేకరి అడిగాడు.

"ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా వాడుకోవచ్చు, తప్పుంటే ఎవరైనా సరిదిద్దొచ్చు. అచ్చం మన పరిపాలనలాగే" అన్నారు మేయర్ గారు. అంత లోతైన మాట చెప్పాక ఇంకో ప్రశ్న వినడం బాగుండదని వెంటనే వెళ్ళిపోయారు.

పథకానికి మొదట ఎంపికైనవాడు మా బావమరిది. సిఫారసు అని మీరనుకుంటారని నాకు తెలుసు. నిజానికి దరఖాస్తు పెట్టినవాళ్ళలో ప్రోగ్రాములు రాయడం వచ్చినవాడు వాడొక్కడే. మిగతావాళ్ళంతా సెలవులు వాడుకోవడంలో ఆరితేరినవాళ్ళు.

వాడు మా కార్యాలయంలోనే కంప్యూటర్ సెక్షన్‌లో పనిచేస్తాడు. నీళ్ళ ట్యాంకుల వాల్వులను వేళకు తెరిచి మూసే ప్రోగ్రాము ఒకటి రాసి, ఎవరైనా వాడుకోండని ఊరికే ఇచ్చేశాడు. మా నగరమే కాదు, చాలా ఊళ్ళు దాన్నే వాడుతున్నాయి. అందులో ఒక లోపముంది. కింది ఇళ్ళకు నీళ్ళు అందగానే అందరికీ అందాయనుకుని వాల్వు మూసేస్తుంది. పై అంతస్తులకు చుక్క రాదు. మేముండేది మూడో అంతస్తు. మా ఆవిడ రోజూ వీధి కుళాయి నుంచి బకెట్లు మోసి మోసి మోకాళ్ళు అరగదీసుకుంది.

"ఆఫీసు పనితో ఊపిరాడక గాని, కాస్త తీరిక దొరికితే బాగుచేసేస్తాను బావా. అక్క మెట్లెక్కుతుంటే చూడలేకపోతున్నాను" అన్నాడు సెలవు మంజూరైన రోజున. వాడి మొహంలో అంత వెలుగు వాడి పెళ్ళిలో కూడా చూడలేదు.

మర్నాడే కమిషనర్ గారు వాణ్ణి పిలిపించారు.

"నువ్వు సెలవులో ఉన్నావనడానికి రుజువేమిటయ్యా?"

"ఆఫీసుకు రాకపోవడమే కదండీ."

"రానివాడు సెలవులో ఉన్నాడో, ఎగ్గొట్టాడో మాకెలా తెలుస్తుంది? రోజూ పొద్దున్నే వచ్చి, రావట్లేదని సంతకం పెట్టు. సాయంత్రం వెళ్ళేటప్పుడు ఇంకో సంతకం."

"మధ్యలో ఏం చెయ్యనండీ?"

"నీ ఇష్టం. సెలవే కదా!"

ప్రజాధనం మీద ఇంత శ్రద్ధ నేనెక్కడా చూడలేదు. వాడి కుర్చీ అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు గనుక వరండాలో బెంచీ మీద కూర్చుని, ఒళ్ళో లాప్‌టాప్ పెట్టుకుని పనిచేశాడు. వచ్చేపోయేవాళ్ళు అర్జీలు రాసేవాడనుకుని అర్జీలు రాయించుకున్నారు. అయినా లోపం పట్టుకున్నాడు. సరిచేసి, అలవాటు ప్రకారం అందరికీ పంచేశాడు. మా నగరానికీ పెట్టాడు.

ఆ సాయంత్రం మా వంటింటి కుళాయి దగ్గింది, తుమ్మింది, తర్వాత ధార కట్టింది. మా ఆవిడ దాన్ని కట్టెయ్యకుండా చూస్తూ నిలబడింది. "మా తమ్ముడు!" అంది, అంతే.

ఆ వారంలోనే కమిషనర్ గారు మా ఇద్దరినీ పిలిచారు.

"పై అంతస్తులకు నీళ్ళొస్తున్నాయట, నిజమేనా?"

"వస్తున్నాయండీ!" అన్నాడు మా బావమరిది పొంగిపోతూ.

"ప్రారంభోత్సవం జరగకుండా ఎలా వస్తాయయ్యా? మేయర్ గారు బటన్ నొక్కాలి, అప్పుడు రావాలి. ఆల్రెడీ వస్తున్న నీళ్ళను ఆయనేం ప్రారంభిస్తారు? వాల్వులు కట్టెయ్యమని ఇంజనీరును పంపాను. ఆయన కట్టేస్తుంటే నీ ప్రోగ్రాము మళ్ళీ తెరుస్తోందట. ఏమిటా పొగరు?"

"అది బాగా పనిచేస్తోందండీ."

"అదే నా బాధ కూడా. పాత లోపం మళ్ళీ పెట్టెయ్. ప్రారంభోత్సవం దాకానే."

లేకపోతే సెలవు రద్దవుతుందని, అనుమతి లేకుండా జనానికి నీళ్ళిచ్చినందుకు విచారణ తప్పదని ఆయన ఎంతో ఆప్యాయంగా వివరించారు. మా బావమరిది నావైపు చూశాడు. నేను ఫ్యాను వైపు చూశాను. మా నగరం వరకు లోపం తిరిగొచ్చింది. పథకం కింద నగరం అడిగి మరీ చేయించుకున్న మొదటి పని అదే.

ప్రారంభోత్సవం కన్నుల పండుగగా జరిగింది. వేదిక మీద పళ్ళెమంత ఎర్ర బటన్. మేయర్ గారు నొక్కగానే గణగణమని గంట మోగింది. "ఇక నీళ్ళు మెట్లెక్కి మీ ఇంటికొస్తాయి!" అన్నారు. చప్పట్లు నేనే మొదలుపెట్టాను.

వేదిక పక్కన మా బావమరిది గబగబా లాప్‌టాప్ తెరిచాడు. కమిషనర్ గారు దాన్ని మూసేశారు.

"ఏం చేస్తున్నావు?"

"సరైన ప్రోగ్రాము పెట్టేస్తానండీ, ఒక్క నిమిషం. ఆ బటన్‌కు గంట తప్ప ఇంకేమీ తగిలించలేదు."

"మేయర్ గారు నొక్కాక నువ్వూ నొక్కితే, ఆయన నొక్కింది పనిచేయలేదనే కదా అర్థం?"

"మరి నీళ్ళండీ?"

"వస్తున్నాయిగా! ఇప్పుడే ప్రారంభించారు, నీ కళ్ళతో నువ్వే చూశావు. బాగున్నదాన్ని ముట్టుకుంటే ఊరుకోను. పాస్‌వర్డ్ కూడా మార్పించేశాను."

నా సర్వీసులో అబద్ధం లేని ప్రెస్ నోట్ ఆ రోజు రాసిందొక్కటే. మా నగరం ఇచ్చిన సెలవు పుణ్యమా అని ఎన్నో ఊళ్ళలో పై అంతస్తులకు నీళ్ళెక్కుతున్నాయని రాశాను. కృతజ్ఞతలు చెబుతూ ఆ ఊళ్ళ నుంచి వచ్చిన ఉత్తరాలకు మేయర్ గారు అప్పటికే ఫ్రేములు కట్టించారు.

వాడూ నేనూ ఇంటికెళ్ళేసరికి మా ఆవిడ కుళాయి తిప్పి చూస్తోంది. గాలి వస్తోంది.

"ఏరా, బాగుచేశానన్నావుగా?"

"చేశానక్కా."

ఆమె బకెట్ తీసుకుని మెట్లు దిగింది. వాడు రెండో బకెట్ అందుకుని వెనకే వెళ్ళాడు. ఎలాగూ సెలవులోనే ఉన్నాడు.