గగౌజు నావికుడికి గడి దొరికిన వైనం

గగౌజు భాష తెలిసినవాడు యావత్తు గోదావరి జిల్లాలో నేనొక్కణ్ణే. అదంతా తహశీల్దారు జోగేశ్వరరావుగారి చలవ. నేనప్పుడు ఆయన దగ్గర బంట్రోతును.

జనాభా లెక్కల ఏడు, కాకినాడకు దిగువన మా రేవులో ఆయన దండోరా వేయించారు: "మాతృభాష రాయించనిదే ఏ ప్రాణీ తాలూకా దాటరాదు!" ఆ పూట రెండు ఎడ్లబళ్ళు ఆగిపోయాయి. ఎద్దుల విషయంలో ఉత్తర్వు స్పష్టంగా లేదు మరి.

మంచినీళ్ళ పీపాల కోసం ఓడ దిగిన దిమిత్రి అనే తెల్ల నావికుడు కూడా దొరికాడు. ఓడ పొద్దుగూకే వేళకి వెళ్ళిపోతుంది. దాని కెప్టెను పంపిన ఇంగ్లీషు చీటీని మిషను బడి మాస్టరు యెహెజ్కేలు చదివి చెప్పాడు:

"నల్ల సముద్రం పక్కన, రష్యా ఏలుబడిలో ఉన్న బెస్సరేబియా వాడండి. మాట గగౌజు. తుర్కీకి దగ్గర చుట్టం. మతం క్రైస్తవం. పెందలాడే పంపమంటున్నారండి."

తహశీల్దారుగారు కలం ఆపారు.

"తుర్కీకి చుట్టమైతే సాయిబు కావాలి కదయ్యా. మెళ్ళో ఆ శిలువేంటి? మాట నిజమైతే మతం అబద్ధం. మతం నిజమైతే మాట అబద్ధం. ఏది కొట్టెయ్యమంటావ్?"

"నేనూ క్రైస్తవుణ్ణేనండి. మాటాడేది తెలుగే గదండీ!"

"నీ మీదా ఎంక్వయిరీ వేస్తాం. అలా కూర్చో."

దిమిత్రి ఓడకేసి చెయ్యి చాపాడు. చేతులు జోడించాడు. గడగడా ఏదో చెప్పాడు.

"ఏంటంటాడ్రా?" అని నన్నడిగారు.

"నీళ్ళండి," అన్నాను. నాకు వచ్చిన గగౌజు 'సు' అనే ఒక్క మాటే. సు అంటే నీళ్ళు. అదీ పొద్దున వాడు పీపా చూపించి అన్నాడు కాబట్టి తెలిసింది.

"ఇవ్వరా పాపం. మన తాలూకాలో దాహమన్న మాట ఉండకూడదు."

మూడు చెంబులు తాగించాను. వాడు ఇంకా ఓడనే చూపిస్తున్నాడు.

ఎట్టకేలకు తహశీల్దారుగారి మేధస్సు వెలిగింది. మూగవాణ్ణి భాష అడగనక్కర్లేదని రూలు ఉంది. లెక్కల కాగితంలో మాతృభాష గడిలో "మూగ" అని రాసి, సంతకం చేసి, ఇసుక చల్లి, ఆరనిచ్చి, వెళ్ళమన్నారు.

దిమిత్రి ఒడ్డుకు పరుగెత్తాడు. ఓడ అప్పటికే పొగ చుక్కైపోయింది. ఆ మూగవాడు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, గొంతు పోయేదాకా అరిచాడు.

తహశీల్దారుగారు జేబులోంచి రుమాలు తీసి కళ్ళు ఒత్తుకున్నారు.

ఈ కథలో నేను కల్పించింది ఆ రుమాలు ఒక్కటే.