రంపం పెట్టే రోజు

వినుత ఆ ఉదయానికి వేసుకున్న పథకం చాలా చిన్నది. కృష్ణగిరిలో తొలి బస్సు ఎక్కి వేప్పనపల్లి దగ్గరున్న బసవమ్మ ఊరికి వెళ్లాలి. ఇంటి ముందరి మెట్లు కొలవాలి. వీల్‌చెయిర్ దిగేటట్టు ఏటవాలుగా ర్యాంపు ఎలా కట్టాలో మేస్త్రీకి చెప్పి, మధ్యాహ్నం భోజనానికి తిరిగి రావాలి. ఆమె ఆక్యుపేషనల్ థెరపిస్టు. మంచాన పడ్డ మనిషిని మళ్లీ తన పనులు తాను చేసుకునేలా చేయడం ఆమె ఉద్యోగం.

బసవమ్మ పోయిన మామిడి కాపులో నిచ్చెన మీదినుంచి పడింది. నడుము కింద స్పర్శ పోయింది. కృష్ణగిరిలో వినుత పనిచేసే పునరావాస సెంటర్లో ఉన్నన్నాళ్లూ మంచం మీదినుంచి చెక్క పలక మీదుగా కుర్చీలోకి జారడం, మోటారు కుర్చీని చేతికింది చిన్న కర్రతో నడపడం అన్నీ నేర్చుకుంది. ఇంటికి వచ్చాక మాత్రం ఆ కుర్చీ మీద చీర కప్పేసింది. "దాంట్లో కూచోని పోతే ఊరంతా నన్నే చూస్తారు," అని ఒకటే మాట. ముందర మెట్లున్నాయన్నది ఆమెకు దొరికిన మంచి సాకు.

ఆ సాకు తీసేయాలనే వినుత ముందురోజు సాయంత్రం బసవమ్మ భర్త రామచంద్రప్పకు ఫోన్ చేసింది. సరిహద్దు పల్లె కాబట్టి ఆ ఊళ్లో ఫోను కాసేపు తమిళనాడు టవరునూ, కాసేపు ఆంధ్రా టవరునూ పట్టుకుంటుంది. మధ్యలో సగం మాటలు గాలికి పోతాయి.

"రేపు పొద్దున వచ్చి కొలతలు తీసుకుంటానప్పా. అమ్మకు ర్యాంపు పెట్టేస్తే అంతా సరిపోతుంది," అంది వినుత.

రామచంద్రప్పకు ర్యాంపు వినిపించలేదు. రంపం వినిపించింది.

"రంపమా?"

"ఆఁ, అదే. వేరే దారి లేదప్పా."

"ఎవురమ్మా పెట్టేది? పెద్ద డాక్టరా?"

"డాక్టరెందుకు? మీ ఊరి మేస్త్రీ చాలు. నేను పక్కన నిలబడి చెప్తాను."

రామచంద్రప్ప లోపలికి వినబడకుండా వాకిట్లోకి వచ్చాడు. "ఏ పక్కమ్మా? కుడి పక్కా, ఎడమ పక్కా?"

"వచ్చి చూసి చెప్తా. కుదిరితే రెండు పక్కలా పెట్టేద్దాం. ఒకటే జాగర్త, ఆరేదాకా కాలు..." అంతటితో ఫోను తెగిపోయింది.

రామచంద్రప్ప ఈ సంగతి ఒక్క చెల్లెలు పుట్టమ్మకే చెప్పాడు. పుట్టమ్మకు చెప్పాక ఇంకెవరికీ చెప్పవలసిన అవసరం ఉండదు. పొద్దు గూకేలోపే ఊరంతా తెలిసింది. ముందుగా వణికినవాడు మేస్త్రీ మునిరాజ్. "నేను గోడలు కట్టేవాణ్ణి సామీ, కాళ్లు కోసేది నాతో కాదు," అని దండం పెట్టి, ఉన్నపళంగా కుప్పం బస్సెక్కి అత్తగారింటికి పోయాడు. తెల్లారేసరికి చుట్టుపక్కల ఊళ్లలోని బంధువులంతా కొందరు పండ్లతో, కొందరు కన్నీళ్లతో దిగిపోయారు.

లోపలి గదిలో ఉన్న బసవమ్మకు ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పకూడదని అందరూ అనుకున్న మాటలన్నీ తలుపు అవతలే నిలబడి అనుకున్నారు.

"ఎట్లాగూ పనిచెయ్యని కాళ్లే కదన్నా. పోతే పోనీ, ఎత్తేదానికైనా తేలికవుతాది," అంటోంది పుట్టమ్మ.

"పనిచెయ్యకపోతే ఏం? నా కాళ్లు నావి!" అని లోపలినుంచి ఒక్క కేక వినబడింది. ఆ తర్వాత చప్పుడు లేదు. పాపం, ఏడుస్తోంది కాబోలునని అందరూ గొంతులు తగ్గించారు.

వినుత వచ్చేసరికి వాకిట్లో జనం. ఇంత మంది తన ర్యాంపు చూడటానికే వచ్చారా అని ఆమెకు ఒక్క క్షణం సంతోషం కలిగింది. అంతలో పుట్టమ్మ అడ్డం వచ్చింది.

"రంపం యాడ పెట్నావు? ముందు ఆ సంచి ఈడ దించు!"

సంచిలోంచి కొలత టేపు, పెన్సిలు, టిఫిన్ డబ్బా బయటపడ్డాయి. పుట్టమ్మ డబ్బా మూత తీసి చూసింది. ఇడ్లీలు.

"రంపమేంటి పెద్దమ్మా?"

"మా వదిన కాళ్లు కోసేదానికి!"

వినుతకు విషయం అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక నవ్వాలో ఏడవాలో తెలియక మెట్ల మీదే కూలబడింది. "రంపం కాదప్పా, ర్యాంపు! మెట్ల మీద ఏటవాలుగా సిమెంటు దారి! ఆరేదాకా దాని మీద కాలు పెట్టొద్దని నిన్న ఫోన్లో చెప్తా ఉన్నాను!" అంది రామచంద్రప్పతో.

రామచంద్రప్ప కండువాతో మొహం తుడుచుకుంటూ, పోయిన ప్రాణం తిరిగి వచ్చినట్టు లోపలికి పరుగెత్తాడు. "బసవా, కొయ్యరంట!"

గదిలో మంచం ఖాళీగా ఉంది. కుర్చీ మీది చీర నేల మీద పడి ఉంది. కుర్చీ లేదు.

వెనక తలుపు బార్లా తెరిచి ఉంది. పశువుల కొట్టంలోకి ఆవులు దిగడానికి వేసిన వాలు బండ మీదుగా, పేడలోంచి, ఎర్రమట్టిలోకి రెండు చక్రాల జాడలు తిన్నగా పోయాయి. ముందు రామచంద్రప్ప, వెనక వినుత, ఆ వెనక బంధువులంతా ఆ జాడ పట్టుకొని పరుగెత్తారు. జాడ బసవమ్మ వాళ్ల మామిడి తోటలోకి తీసుకెళ్లింది.

తోటలో తోతాపురి కాయలు కోస్తున్నారు. చెట్ల మధ్య మోటారు కుర్చీలో బసవమ్మ, కొంగు నడుముకు దోపుకొని కూలీల మీద విరుచుకుపడుతోంది. "చెట్టు ఊపి రాలుస్తావా? కింద పడిన కాయ నల్లబడదా? వల కర్ర యాడబోయె? నేను లేనని ఇట్లాంటి పన్లు చేస్తా ఉండారా?"

చూపులన్నీ ఆమె మీదే ఉన్నాయి. ఆమెకు ఆ ధ్యాసే లేదు.

వినుతను చూడగానే మాత్రం కాళ్లు కోసేవాళ్లు వచ్చేశారనుకుంది. చేతికింది చిన్న కర్రను లాగి కుర్చీని గిర్రున తిప్పింది. కాయల గంపకు జానెడు దూరంలో మలుపు తీసుకొని రెండు చెట్ల మధ్యనుంచి దూసుకుపోయింది. వినుత పరుగు ఆపేసి చప్పట్లు కొట్టింది. సెంటర్లో ఎంత బతిమాలినా ఆ మలుపు ఆమె ఒక్కసారి కూడా సరిగా తిప్పలేదు.

"అమ్మా, ఆగమ్మా! కొయ్యం! నీ కాళ్లు నీవే!"

కుర్చీ దూరంగా ఆగింది. "ఒట్టా?"

"ఒట్టు!"

వినుత జరిగింది చెప్పేదాకా బసవమ్మ దగ్గరకు రానివ్వలేదు. అంతా విన్నాక భర్త వైపు చూసింది. ఆయన తల వంచుకున్నాడు. ఆమెకు ముందు కోపం వచ్చింది. తర్వాత ఎక్కడో కడుపులోంచి నవ్వు పుట్టి, కుర్చీ ఊగేంతగా పైకి వచ్చింది. చుట్టూ తోట, దుమ్ములో తన చక్రాల జాడలు చూసుకుంది. ఎవరూ ఎత్తలేదు, ఎవరూ తొయ్యలేదు. తానే వచ్చింది.

"సరే, కొట్టంలో ఆ బండ ఉందిగా. ఇంక ర్యాంపు ఎందుకులే," అన్నాడు రామచంద్రప్ప మెల్లగా.

"ఏమీ? నేను ఆవుల దావన పొయ్యేదా? నా ఇల్లు. ముందర వాకిట్లోనే దిగతా," అంది బసవమ్మ. "ఆ మునిరాజ్ యాడున్నా పిలిపించండి."

మునిరాజ్‌ను నమ్మించి కుప్పం నుంచి రప్పించడమే కష్టమైంది. ర్యాంపు బాగా కట్టాడు. తోట పని, పాల సొసైటీ, వేప్పనపల్లి సంత, చివరికి పుట్టమ్మ ఇంట్లో జరిగే పంచాయితీలు కూడా బసవమ్మ చేతిలోకి వచ్చేశాయి.

నెల తిరిగాక వినుతకు రామచంద్రప్ప దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. "డాక్టరమ్మా, కూడు వండేది నేనే, ఇల్లు ఊడ్చేది నేనే. ఆమెను కొంచెం సేపు ఇంట్లో కూచోబెట్టేదానికి ఏమన్నా సామాను ఉంటే పంపమ్మా."

అట్లాంటిది ఇంకా ఎవరూ తయారు చేయలేదని వినుత చెప్పింది.