పూర్తయిన ప్రాజెక్టు తెచ్చిన తంటా

సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ప్రాజెక్టు మూలపడటాన్ని మించిన అదృష్టం లేదు. ఇదేం విడ్డూరం అంటారా? అయితే పునాది సంగతి వినండి.

అది అతని అసలు పేరు కాదు. ఏ ప్రాజెక్టు చేపట్టినా పునాది దగ్గరే ఆగిపోతుందని తోటివాళ్లు పెట్టిన పేరు. మొదట్లో ముఖం ముడుచుకునేవాడు. పోనుపోను తనే ఫోనెత్తి, "పునాదిని మాట్లాడుతున్నా" అనడం మొదలుపెట్టాడు.

అతను మొదట చేసింది బస్సుల వేళలు చెప్పే యాప్. బస్సు వెళ్లిపోయాక తీరిగ్గా "వస్తోంది" అనేది. జనం దుమ్మెత్తిపోశారు, కంపెనీ దాన్ని మూసేసింది. వెంటనే పెద్ద గదిలో మీటింగు పెట్టి, ఏం నేర్చుకున్నారో చెప్పమన్నారు. పునాది లేచి, "నేను ఒక్కసారి కూడా బస్సెక్కకుండా బస్సు యాప్ రాశానండీ" అన్నాడు. ఎంత లోతైన మాట! చప్పట్లు మోగాయి. అతన్ని సీనియర్‌ని చేశారు.

తరవాతది గోదాముల్లో సరుకు లెక్క చూసే సాఫ్ట్‌వేర్. బటన్ ఏ రంగులో ఉండాలన్నది ఎంతకీ తెమల్లేదు. తెమిలేసరికి క్లయింటు గోదాములే అమ్మేసుకున్నాడు. ఈసారి పునాది తన పాఠాలను బొమ్మలతో సహా తెరమీద చూపించాడు. టీమ్ లీడ్ అయ్యాడు. కంపెనీ బహుమతిగా ఇంటికి కొత్త సోఫా వచ్చింది.

అతని భార్యది కళ్లద్దాల దుకాణంలో ఉద్యోగం. అద్దాలు పెట్టుకున్న మనిషికి ఎదుటివాడు కనబడకపోతే మర్నాడే తిరిగొచ్చి గుమ్మంలో నిలబడతాడు. అలాంటి చోట పనిచేసే మనిషి ఊరుకుంటుందా? సోఫాలో కూర్చుని అడిగింది.

"నువ్వు రాసింది ఎవరైనా, ఎక్కడైనా వాడుతున్నారా?"

"ఒక్కళ్లు కూడా లేరు."

"మరి మనకీ సోఫా ఎందుకిచ్చినట్టు?"

ఆ మాట పునాదికి ముల్లులా దిగింది. అతని పతనం అక్కడే మొదలైంది.

ఆ వెంటనే నీళ్ల ఫిర్యాదుల ప్రాజెక్టు వచ్చింది. కొళాయిలో నీళ్లు రాకపోయినా, పైపు పగిలినా జనం ఫోన్ చేసే ఆఫీసది. పునాది నేరుగా అక్కడికే పోయి, ఫోన్లెత్తే ఆవిడ పక్కన కుర్చీ వేసుకున్నాడు.

"మీకేం కావాలండీ?"

ఆవిడ అనుమానంగా చూసింది. "ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు బాబూ. ఏ వీధో రాసుకోవాలి. అది పైపులు బాగుచేసే అతనికి చేరాలి. అంతే."

అంతే రాశాడు. అది పనిచేసింది. మర్నాడూ పనిచేసింది. తిట్లు లేవు, మీటింగుల్లేవు, నేర్చుకోవలసిన పాఠాల్లేవు. ఆవిడ మాత్రం ఓసారి ఫోన్ చేసి, "ఇప్పుడు మధ్యాహ్నం కూర్చుని భోంచేస్తున్నాను బాబూ" అని చెప్పి పెట్టేసింది. ఆ రోజంతా పునాది కాళ్లు నేలమీద నిలవలేదు.

కొన్నాళ్లకు మేనేజరు పిలిచాడు.

"నీ ప్రాజెక్టులో సమస్యలేమీ లేవటగా?"

"లేవండీ."

"పోనీ, మార్పులు?"

"వాళ్లేం అడగలేదండీ."

"మరి నిన్నూ నీ టీమునూ ఏం చేసుకోమంటావయ్యా?" మేనేజరు గొంతులో నిజంగానే బాధ ఉంది.

అలా ఉద్యోగం ఊడి పునాది ఇంటిపట్టున పడ్డాడు. పగలంతా సోఫాలో కూర్చుని, దాని విలువ ఇప్పుడు తెలుసుకున్నాడు.

చివరికి ఓ కంపెనీ ఇంటర్వ్యూకి పిలిచింది. ఎదురుగా కూర్చున్న పెద్దావిడ, చెడిపోయిన ప్రాజెక్టుల గురించి చెప్పమంది. పునాది బస్సులు తోలాడు, గోదాములు తెరిచాడు. తనమీద తనే జోకులేసుకున్నాడు. ఆవిడ మురిసిపోయింది.

"ఇంతకీ ఏదైనా బాగా పనిచేసిందా?"

నీళ్ల ఆఫీసు పునాది నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని గుటకేశాడు.

"ఒక్కటీ లేదండీ."

"హమ్మయ్య. మాకు కావలసింది ఇలాంటి అనుభవమే. మా ప్రాజెక్టు ఏళ్లతరబడి నడుస్తోంది. సోమవారం వచ్చేయండి."

మెట్లు దిగుతూ భార్యకు ఫోన్ చేసి ఉద్యోగం వచ్చిందన్నాడు.

"నీళ్ల ప్రాజెక్టు గురించి చెప్పావా?"

"చెప్పలేదు."

అవతల ఆమె ఎవరికో కళ్లద్దాలు అందించి మళ్లీ ఫోనందుకుంది.

"మంచిపని చేశావు," అందామె.

నీళ్ల ప్రాజెక్టు చేసినందుకు అందో, దాన్ని దాచినందుకు అందో అడగడానికి పునాదికి ధైర్యం చాలలేదు.