గోదావరిలో కలిసిన పూసలు

ఆ రోజు పొద్దున బిక్షం పెట్టుకున్న పని ఒక్కటే. రాత్రి మిగిలిన అన్నంలో చల్ల పోసుకుని తిని, గోదావరిఖని చౌరస్తాకు పోయి, తనలాంటి రిటైర్డు మనుషులతో మధ్యాహ్నం దాకా లోకాభిరామాయణం మాట్లాడటం. భార్య అనసూర్య నస్పూర్‌లో చెల్లెలింటికి పోయింది గనుక అడిగేవాళ్లు కూడా లేరు. చల్ల కోసం ఫ్రిజ్ తెరిచాడు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

చల్ల గిన్నె వెనక మైనపు కాగితం చుట్టిన జానెడేసి కడ్డీలు వరుసగా పడుకుని ఉన్నాయి. బిక్షం గనిలో బొగ్గు పేల్చే షాట్ ఫైరర్‌గా పనిచేసినవాడు. అలాంటి కాగితపు చుట్టల్లో వచ్చే పేలుడు మందునే బతుకంతా బొగ్గు బెజ్జాల్లో కూరాడు. తనంతటివాడు విప్పి చూడటమేమిటి అనుకున్నాడు. అదే కొంప ముంచింది.

అవి కోడలు సంధ్యారాణి హైదరాబాదు నుంచి తెప్పించుకున్న పాలిమర్ మట్టి. రంగురంగుల ముద్దలను పేర్చి, పైన నల్ల పొర చుట్టి, కడ్డీలుగా సాగదీసింది. చల్లబడి గట్టిపడ్డాక చాకుతో బిళ్లలు కోస్తే ప్రతి బిళ్లలోనూ ఒకే పువ్వు కనబడుతుంది. బెజ్జం పెట్టి ఓవెన్‌లో కాలిస్తే అదే పూస. మర్నాడు బొగ్గు గనుల కంపెనీ పండుగకు క్లబ్బు దగ్గర పెట్టే స్టాళ్లలో ఆమెకు మొట్టమొదటిసారి ఒక బల్ల దొరికింది. ఆ సంగతి ఇంట్లో బిక్షానికి ఒక్కడికే ఎవరూ చెప్పలేదు.

ఆయనకు తోచింది వేరు. గని పనికి పనికిరాడని డాక్టర్లు రాసిచ్చాక, తాను అన్‌ఫిట్ అయి, ఆ నౌకరి కొడుకు ఉపేందర్‌కు ఇప్పించాడు. గనిలోని మందు ఇంటికి తెస్తే నౌకరి పోవడమే కాదు, జైలు కూడా. కొడుకును అడుగుదామంటే ఫస్టు షిఫ్టులో గని దిగి ఉన్నాడు. భూమి కిందికి ఫోను పోదు.

"పిల్లా, ఫ్రిజ్ల గవి ఎవలయి?" అని కోడలిని అడిగాడు.

సంధ్యారాణి తడబడింది. "మీ కొడుక్కు తెల్సు మామా. మీరు ముట్టకుండ్రి. వేడి తగిల్తె అంతా ఆగమైతది" అని చెప్పి, దారాలు కొనడానికి బజారుకు పోయింది.

ఇంకేముంది, బిక్షం అనుమానం ఖాయమైంది. కడ్డీలను తన పాత టిఫిన్ గిన్నెలోకి మార్చి, వేడి తగలకుండా తడిపిన తెల్ల తువ్వాలు చుట్టి, మూతి బిగించి కట్టి, నౌమాన్ నడిపే షేర్ ఆటో ఎక్కాడు. నీళ్లలో పడితే మందు చస్తుంది. ఆ ఊరికి నీళ్లంటే గోదావరే, అక్కడివాళ్ల మాటలో గంగ.

ఆటో గుంతలో పడ్డప్పుడల్లా ఆయన సీటు మీంచి లేచి గిన్నెను గాల్లో పట్టుకుంటున్నాడు. "నౌమాన్, మెల్లగ పోనియ్ బిడ్డా, నీకు దండం వెడ్త!"

పక్కన పాత దోస్తు ఎల్లేశం బీడీ ముట్టించాడు.

"ఆర్పేయ్! గీ గిన్నె దగ్గర బీడీ వద్దు!"

ఎల్లేశం గిన్నెను చూశాడు. తడి తెల్లబట్ట, కట్టిన మూతి, ఏడుపు మొహం. "యాడికి బావా?"

"గంగకు. ఇది గంగల కలపాలె."

ఎల్లేశం గొంతు తగ్గింది. "మా అనసూర్యక్క కనవడ్తలేదు... ఆమె గాదు గద?"

అప్పుడే పెద్ద గుంత వచ్చింది. బిక్షం కళ్లు గట్టిగా మూసుకున్నాడు. ప్రశ్న ఆయన చెవిన పడనే లేదు. "ఇగ ఏం అడగకు ఎల్లేశం. నా బతుకు ఆగమైంది" అన్నాడు. ఎల్లేశం బీడీ పారేసి కళ్లు తుడుచుకున్నాడు. నౌమాన్ కిరాయి తీసుకోలేదు.

బ్రిడ్జి మీంచి గిన్నె నీళ్లలో పడింది. పేలలేదు. బిక్షం రెండు చేతులూ జోడించి, కొడుకు దక్కాడు అనుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి వాకిలి నిండా చెప్పులు. ఎల్లేశం చేసిన ఫోన్ల పుణ్యమా అని కాలనీ సగం అక్కడే ఉంది. పక్క క్వార్టర్ మల్లక్క రాగం తీసి ఏడుస్తోంది. "మొన్ననే మాట్లాడిన గదా అత్తమ్మతోని" అని సంధ్యారాణి గోడకు ఆనుకుని కుమిలిపోతోంది. ఎవరు పోయారని బిక్షం అడిగేలోపే అనసూర్య ఆటో దిగింది. ఏడుపులు విని సంచి పడేసి, ఎవరు పోయారో కనుక్కోకుండానే మల్లక్కను పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. ఓదార్చబోయిన మల్లక్క ఆ మొహం చూసి కెవ్వుమంది.

"మరి గంగల కలిపింది ఎవలను బావా?" అన్నాడు ఎల్లేశం.

ఇక దాచలేకపోయాడు. "ఉపేందర్ నౌకరి పోతదని భయమైంది. ఫ్రిజ్ల మందు ఉండె..."

సంధ్యారాణి ఆ మాట పూర్తి కానివ్వలేదు. లోపలికి పరుగెత్తి ఫ్రిజ్ చూసి, తిరిగి బయటికొచ్చింది. ఇప్పుడు ఆమె కళ్లల్లో నీళ్లు లేవు. ముందురోజు నమూనా కోసం కోసుకున్న ఒక్క బిళ్ల చేతిలో ఉంది. నల్లటి అంచు లోపల పసుపు పచ్చని తంగేడు పువ్వు, ఒక్క రేకు చెదరలేదు.

"మందు గాదు మామా. నేను చేసిన పూసల మట్టి."

"నాకెందుకు చెప్పలే బిడ్డా?"

"నిరుడు మొదటి పూస మీకే చూపిచ్చిన. మట్టి గూడ కొంటరా ఎవరన్న అని చౌరస్తల అందరికి చెప్పి నవ్విండ్రు."

అలా నవ్విన సంగతి బిక్షానికి జ్ఞాపకం కూడా లేదు. అదే ఆయనను ఎక్కువ బాధపెట్టింది. షిఫ్టు దిగి వచ్చిన ఉపేందర్ అంతా విని, తండ్రి చేతికి చాయ గ్లాసు ఇచ్చి లోపలికి పోయాడు. ఎవరైనా నాలుగు తిడితే బాగుండునని ముసలాయన ఆ సాయంత్రమంతా వాకిట్లోనే కూర్చున్నాడు. మళ్లీ మట్టి రావాలంటే హైదరాబాదు నుంచే రావాలి. పండుగేమో తెల్లారితే ఉంది.

మర్నాడు సంధ్యారాణి క్లబ్బుకు రానంది. ఆమె పేరున్న బల్ల మీద ఆ ఒక్క బిళ్లను పెట్టుకుని, వెనక కుర్చీలో బిక్షం కూర్చున్నాడు. ఆగిన ప్రతి మనిషికీ సరుకంతా గోదావరిలో ఉందని, తప్పు తనదేనని, కోడలి పనితనం మాత్రం ఈ చుట్టుపక్కల ఎవరికీ లేదని చెప్పాడు.

వాళ్లలో సగం మంది ఆయన చెయ్యి పట్టుకుని, అనసూర్య పోయినందుకు ఓదార్చి వెళ్లారు.